స్వాస్థ్యం, శిష్యత్వం, శ్రమ: ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవుల అనుభవం (1866–1880)

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు ప్రాంతంలో మాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవం స్వీకరించారు. ఈ పరిణామాన్ని మిషనరీ కృషి ఫలితంగానో, కరువు కాలపు అవసరంగానో వివరించడం పరిపాటి. ఈ రెండు వివరణల్లోనూ మాదిగల సొంత ఆలోచనకు దక్కిన చోటు తక్కువ. తెలుగు క్రైస్తవ పరిభాషలో కీలకమైన స్వాస్థ్యం, శిష్యుడు, శ్రమ అనే మూడు మాటల ఆధారంగా ఈ వ్యాసం ఆ ఉద్యమాన్ని పరిశీలిస్తుంది. అన్యాయంగా కలిగిన బాధలో దేవునిపై నమ్మకం ఉంచడమంటే ఆ విశ్వాసుల ఆచరణలో నోరు మూసుకొని భరించడం కాదనీ, ఓర్పూ అర్జీ ఒకే శిష్యత్వానికి రెండు ముఖాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మాదిగ క్రైస్తవులు, ఒంగోలు, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్, యర్రగుంట్ల పేరయ్య, వెట్టి, ఆదివారం, స్వాస్థ్యం, శ్రమ.

1. ఉపోద్ఘాతం

కొత్త నిబంధనలోని పేతురు మొదటి పత్రిక ఆసియా మైనరులోని పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరి ఉన్న విశ్వాసులను ఉద్దేశించింది. వారికి ఎన్నటికీ చెడని ఒక స్వాస్థ్యం ఉందని అది ధైర్యం చెబుతుంది. యజమానుల ఇళ్ళలో అన్యాయంగా దెబ్బలు తినే దాసులను ప్రత్యేకంగా పలకరిస్తుంది. నేరం చేయకుండానే బాధపడిన క్రీస్తు అడుగుజాడల్లో నడవమనీ, న్యాయంగా తీర్పు తీర్చేవానికి తమను అప్పగించుకోమనీ బోధిస్తుంది. వారసత్వం, శిష్యత్వం, అన్యాయమైన బాధ అనే మూడు భావాలు ఆ చిన్న పత్రికలో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి.

ఈ బోధకు చరిత్రలో రెండు రకాల వినియోగం కనిపిస్తుంది. బానిసలను అణచి ఉంచడానికి యజమానులు దీన్ని వాడుకున్నారు. తమ బాధ దేవునికి తెలుసన్న భరోసాను బానిసలు ఇందులోనే వెతుక్కున్నారు. పుట్టుకతోనే గ్రామసేవకు కట్టుబడిన ఒక తెలుగు సమూహం ఈ బోధ వైపు తిరిగినప్పుడు ఏం జరిగిందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఈ ఉద్యమానికి ప్రధాన ఆధారాలు రెండు గ్రంథాలు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ మాదిగల మౌఖిక కథనాలను, వారి గురుసంప్రదాయాలను నమోదు చేసింది. జాన్ ఎవరెట్ క్లౌ జీవితకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ 1914లో వెలువడింది. రెండూ మిషనరీ కుటుంబం నుంచి వచ్చినవే. మాదిగల తెలుగు మాటలు వాటిలో ఇంగ్లీషు వేషంలో కనిపిస్తాయి. కనుక వాటిని చదివేటప్పుడు మిషనరీ ఏం చెప్పాడన్న దానితో పాటు విశ్వాసులు ఏం చేశారన్నదానిపై దృష్టి నిలపడం అవసరం. మాట అనువాదంలో మారవచ్చు; ఆదివారం పనికి వెళ్ళకపోవడం, డప్పు ముట్టకపోవడం వంటి చర్యలు అంత తేలికగా మారవు.

2. చారిత్రక నేపథ్యం

అమెరికన్ బాప్టిస్టుల పక్షాన శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చి, 1840లో నెల్లూరును కేంద్రం చేసుకున్నాడు. ఫలితాలు చాలా స్వల్పం కావడంతో ఈ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో పలుమార్లు జరిగింది. 1853 నాటి చర్చ తరువాత దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అనే అర్థమిచ్చే ‘లోన్ స్టార్’ అన్న పేరు స్థిరపడింది. 1849లో నెల్లూరు చేరిన లైమన్ జ్యువెట్ దంపతులు 1854 జనవరి 1న కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండపై ప్రార్థన చేశారు. క్లౌ 1865లో భారతదేశం వచ్చి 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం.

మాదిగల జీవనం గ్రామ వ్యవసాయంతో ముడిపడి ఉండేది. చనిపోయిన పశువు తోలు తీయడం, రైతులకు చెప్పులు కుట్టడం, మోటకు తోలుబానలు సిద్ధం చేయడం, జాతరల్లో డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా వెట్టికి వెళ్ళడం వారి విధులు. ప్రతిఫలంగా కళ్ళంలో కొంత ధాన్యం దక్కేది. ఈ ‘మేర’ కూలి కాదు, హక్కూ కాదు. రైతు దయకూ ఆచారానికీ మధ్య ఊగే వాటా.

3. శిష్యత్వం: గురుపరంపర నుంచి సంఘానికి

ఉద్యమ ఆరంభం మిషనరీతో కాక యర్రగుంట్ల పేరయ్యతో జరిగింది. ఒంగోలుకు పడమర సుమారు 40 మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు ఆయన గ్రామం. తోళ్ళ వ్యాపారంపై ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఆయన క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ జ్యువెట్ చేత బాప్తిస్మం పొందారు. ఆయన ఆహ్వానంపై 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేనాటికి అక్కడి వారు బోధ విని, నమ్మి సిద్ధంగా ఉన్నారు. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మం పొందారు.

అంతకుముందే పేరయ్య రాజయోగ మార్గంలో సాధన చేసినవాడు. వీరమ్మ అనే యోగిని దగ్గర ఆయన శిష్యరికం చేసినట్లు, తరువాత తానే గురువుగా గౌరవం పొందినట్లు ఎమ్మా క్లౌ నమోదు చేసింది. ఆ ప్రాంతపు మాదిగల్లో నాసరయ్య శాఖ, రామానుజ సంప్రదాయం, పోతులూరి వీరబ్రహ్మం బోధలు ప్రచారంలో ఉన్నట్లు కూడా ఆమె గ్రంథం తెలుపుతుంది. వీరబ్రహ్మం పరంపరలో దూదేకుల సిద్దయ్య శిష్యాగ్రేసరుడు కావడం గమనార్హం. విగ్రహారాధనను నిరసించడం, గురువు మాటను ప్రాణంగా పాటించడం, పుట్టుక కంటే సాధనకు విలువనివ్వడం ఈ మార్గాల్లో తరచు కనిపించే లక్షణాలు. గుడి ప్రవేశం లేని వారికి గురువు దగ్గర ప్రవేశం దొరికింది.

‘శిష్యుడు’ అన్న మాటను తెలుగు బైబిలు ఈ సంప్రదాయం నుంచే తీసుకుంది. మూల గ్రీకు పదానికి ‘నేర్చుకొనేవాడు’ అని అర్థం. తెలుగులో శిష్యుడు నేర్చుకోవడంతో ఆగడు. గురువు వెంట నడుస్తాడు, గురువుకు అన్నం పెడతాడు, గురువు మాట కోసం నింద భరిస్తాడు. పేరయ్య వంటి బోధకులు గ్రామాలు తిరుగుతూ, విశ్వాసుల ఇళ్ళలో తింటూ, వారితో కూర్చొని బోధించిన తీరు గురువుల సంచారానికి కొనసాగింపుగా ఉంది. బోధకులను పూర్తి జీతగాళ్ళుగా మార్చకుండా, వారి పోషణలో గ్రామ విశ్వాసులకు భాగం ఇవ్వడం క్లౌ అనుసరించిన పద్ధతి. ఇది పాత గురుశిష్య బంధాన్ని నిలబెట్టింది. తమకు తెలియని కొత్త సంబంధంలోకి ఈ విశ్వాసులు ప్రవేశించలేదు. తెలిసిన సంబంధాన్ని కొత్త గురువుకు అన్వయించుకున్నారు.

ఈ శిష్యత్వానికి తొలి పరీక్ష ఒంగోలులోనే ఎదురైంది. మాదిగలను చేర్చుకోకుంటే తాము సంఘంలో చేరతామని కొందరు పైకులాల యువకులు సూచించారు. బలహీనులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం ఆ సందర్భంలో తనకూ తన భార్యకూ వేరువేరుగా కంటబడిందని క్లౌ చెప్పుకున్నాడు. ఆయన మాదిగల పక్షం వహించాడు. పైకులాల వారు వెనుదిరిగారు. మిషనరీ కథనం దీన్ని దైవనిర్ణయంగా చూస్తుంది. పేరయ్య, ఆయన బంధువులు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉండకపోతే అలాంటి నిర్ణయానికి అవసరమే కలిగేది కాదన్నది చరిత్రకారుడు గమనించవలసిన విషయం.

4. స్వాస్థ్యం: ఆస్తి ఉన్నవారి చట్టం, లేనివారి వాగ్దానం

సంస్కృత వ్యుత్పత్తిని బట్టి ‘స్వాస్థ్యం’ అంటే తన స్థితిలో తాను నెమ్మదిగా ఉండటం, ఆరోగ్యం. తెలుగు బైబిలులో ఈ మాట పిత్రార్జితమైన పాలు అనే అర్థంలో స్థిరపడింది. ఇశ్రాయేలు గోత్రాలకు దక్కిన భూమీ స్వాస్థ్యమే, విశ్వాసికి పరలోకంలో దక్కేదీ స్వాస్థ్యమే. 1818లో కొత్త నిబంధన తెలుగులో అచ్చయిన నాటి నుంచి అనువాదం అనేక సవరణలకు లోనైంది. జ్యువెట్ కూడా తరువాతి కాలంలో ఆ పనిలో పాల్గొన్నాడు. ఈ మాట మాత్రం తెలుగు క్రైస్తవుల ప్రార్థనల్లో, పాటల్లో నేటికీ నిలిచి ఉంది.

అదే శతాబ్దంలో క్రైస్తవుల వారసత్వం న్యాయశాస్త్రపు సమస్య కూడా అయింది. మతం మారినందువల్లగానీ కులభ్రష్టత్వం వల్లగానీ ఎవరూ ఆస్తిహక్కు కోల్పోరాదని 1850 నాటి 21వ చట్టం శాసించింది. బళ్ళారికి చెందిన అబ్రహాం కుటుంబపు ఆస్తి తగాదాలో 1863లో ప్రీవీ కౌన్సిల్ తీర్పునిస్తూ, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి పాత ఆచారాన్ని విడిచిపెట్టవచ్చు లేదా కొనసాగించవచ్చు అని భావించింది. 1865లో భారత వారసత్వ చట్టం వచ్చింది.

ఈ చట్టాలన్నీ ఆస్తి ఉన్నవారి కోసం ఏర్పడినవి. పొలం ఉన్నవాడు క్రైస్తవుడైతే ఆ పొలం అతనికి దక్కేలా న్యాయస్థానం చూడగలదు. మాదిగకు తండ్రి నుంచి సంక్రమించినది విధి మాత్రమే: తోలు, డప్పు, వెట్టి, వాటికి బదులు మేర. మేరను ఏ న్యాయస్థానమూ ఆస్తిగా కాపాడలేదు. రైతు ఆపేస్తే ఆగిపోయేది. మతం మార్పుతో మాదిగ కోల్పోయినదాన్ని చట్టం నష్టంగా కూడా గుర్తించలేదు. ఈ నేపథ్యంలో ఎవరూ లాక్కోలేని స్వాస్థ్యం ఒకటి ఉందన్న మాటకు ఆ పల్లెల్లో ఎంత బరువు ఉండి ఉంటుందో ఊహించవచ్చు. దాన్ని కేవలం పరలోకపు ఆశగా కొట్టివేస్తే, వారసత్వమంటే బాధ్యతల బరువు మాత్రమే అయినవారికి అది తొలిసారి ‘పాలు’గా వినిపించిందన్న సంగతి మరుగున పడుతుంది.

5. శ్రమ: ఆదివారం ఎవరిది?

సాధారణ తెలుగులో శ్రమ అంటే కష్టపడి పనిచేయడం. తెలుగు క్రైస్తవ పరిభాషలో శ్రమ అంటే బాధ, హింస. క్రీస్తు సిలువ బాధలు ‘సిలువ శ్రమలు’. ఉపవాస దినాలు ‘శ్రమ దినాలు’. ఒంగోలు ప్రాంతంలో ఈ రెండు అర్థాలూ ఒక్కచోట కలిశాయి. ఒక రకం శ్రమను నిరాకరించినందుకు మరొక రకం శ్రమ వచ్చిపడింది.

ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు అన్న మూడు నియమాలు కొత్త విశ్వాసులకు ముఖ్యమైనవని క్లౌ చెప్పాడు. చూడటానికి ఇవి మిషనరీ క్రమశిక్షణ. గ్రామవ్యవస్థలో మాత్రం వీటిలో ప్రతిదీ మాదిగ విధిపై తిరుగుబాటే. వెట్టికి వేళ లేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి. ఏడు రోజుల్లో ఒక రోజు రానన్న మాట, పిలిచేవాని అధికారానికి ఒక హద్దు గీయడం. చచ్చిన పశువు మాంసం మానడం, అంటరానితనానికి కారణంగా చూపిన ఒక ఆచారాన్ని తొలగించడం. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టకపోవడం, ఊరి కర్మకాండలో మాదిగకు కేటాయించిన స్థానాన్ని ఖాళీ చేయడం.

గ్రామం వైపు నుంచి కూడా ఈ విషయాన్ని చూడాలి. మశూచి, కలరా గ్రామదేవత ఆగ్రహం వల్ల వస్తాయని నమ్మే ఊరికి డప్పు మోగకపోవడం ప్రాణభయం కలిగించే సంగతి. పంట కాలంలో మోటబాన చిరిగితే కుట్టేవాడు లేకపోవడం నేరుగా నష్టం. కరణాలు, మునసబులు, భూస్వాములు చూపిన ఆగ్రహంలో కులాహంకారంతో పాటు ఇటువంటి భయమూ ఉంది. అయితే ఆ భయం శిక్షగా మారి ఒక్క వర్గంపైనే పడింది. బావులు మూసివేశారు. అంగళ్ళలో సరుకు అమ్మలేదు. చాకలి, కుమ్మరి వారికి పని చేయకుండా కట్టడి చేశారు. పశువులను మేతకు రానివ్వలేదు. అబద్ధపు ఫిర్యాదులతో కొందరిని ఠాణాలకు లాగారు. నేరం లేకుండా పడే బాధ అన్న పేతురు పత్రిక వర్ణనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం.

6. ఓర్పు, అర్జీ

ఈ బాధను విశ్వాసులు ఎదుర్కొన్న తీరులో రెండు ధోరణులు కలిసి సాగాయి.

మొదటిది ఓర్పు. నీళ్ళు లేకపోయినా, మేర ఆగిపోయినా చాలామంది ఆదివారాన్ని వదులుకోలేదు. బోధకులు ఊరూరూ తిరిగి ధైర్యం చెప్పారు. ఎదురుదాడి చేయకుండా, అదే సమయంలో పాత విధికి తిరిగి వెళ్ళకుండా నిలబడటం ఈ ఓర్పు స్వభావం. యజమాని ఆజ్ఞను పాటిస్తూ బాధను భరించడం పాత ఓర్పు. ఆజ్ఞను నిరాకరించి, దాని ఫలితాన్ని భరించడం కొత్త ఓర్పు. పైకి రెండూ మౌనంగానే కనిపిస్తాయి. వాటి అర్థాలు వేరు.

రెండవది అర్జీ. బాధితులు ఒంగోలుకు నడిచి వచ్చి క్లౌకు చెప్పుకొనేవారు. కొన్ని సందర్భాల్లో ఆయన వారి ఫిర్యాదులను ప్రభుత్వాధికారుల దృష్టికి తెచ్చాడు. కరణం మాటే ప్రభుత్వం మాటగా బతికిన పల్లెవాసికి, కరణంపైనా ఫిర్యాదు చేయవచ్చునన్న సంగతి అనుభవంలోకి రావడం చిన్న మార్పు కాదు. తెలుగులో ‘మొర’ అన్న మాట దేవునికీ వర్తిస్తుంది, దొరకూ వర్తిస్తుంది. ఈ విశ్వాసులు మొరను రెండు చోట్లా వినిపించారు. న్యాయంగా తీర్పు తీర్చేవాడు ఒకడున్నాడన్న నమ్మకం, తీర్పు కోరే అలవాటును వారికి నేర్పింది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అర్జీ మిషనరీ ద్వారా వెళ్ళినప్పుడు అతడు కొత్త దొరగా మారే ప్రమాదం ఉంది. వలస ప్రభుత్వంతో మిషనరీకున్న సాన్నిహిత్యం వల్ల విశ్వాసుల విజయం దొర పలుకుబడిగా కనిపించింది. తెలుగు సంఘాలు ఈ ఆధారపడే తత్వం నుంచి బయటపడటానికి చాలా కాలం పట్టింది.

7. కరువు, 1878

1876–78 నాటి కరువు ఈ ఉద్యమంపై ‘అన్నం కోసం మతం’ అన్న ఆరోపణకు ప్రధాన ఆధారం. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని క్లౌ కాంట్రాక్టుగా తీసుకొని వేలాది మందికి కూలి కల్పించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. విరామ సమయాల్లో బోధ సాగింది. ఆ కాలంలో సుమారు 15 నెలల పాటు క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశాడు. కూలి కోసం వచ్చేవారిని విశ్వాసులుగా లెక్కించకూడదన్నది ఆయన ఉద్దేశం. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు తిరిగి జరిగాయి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది. నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు.

ఈ సంఖ్యలకు కరువుతో సంబంధం లేదని చెప్పలేము. కరువు పాత గ్రామబంధాలను తెంచింది. ఆపదలో ఎవరు తోడు నిలిచారో జనం చూశారు. అయితే తాళ్ళకొండపాడులో బోధ వేళ్ళూనింది కరువుకు పదేళ్ళ ముందు. బావులు మూసివేసినప్పుడు నిలబడినవారికి ఆనాడు అన్నం దొరకలేదు. ఉన్న మేర పోయింది. 1933లో సామూహిక మతాంతరీకరణలను పరిశీలించిన వాస్కమ్ పికెట్ వాటి వెనుక అనేక ప్రేరణలను గుర్తించాడు. జాన్ వెబ్‌స్టర్ దళిత క్రైస్తవుల చరిత్రలో దళితుల సొంత చొరవకు ప్రాధాన్యం ఇచ్చాడు. ఒంగోలు అనుభవం ఈ రెండో దృష్టిని బలపరుస్తుంది.

8. తరువాతి తరాలకు సంక్రమించినది

ఈ ఉద్యమం మిగిల్చిన వారసత్వం ఏకరూపమైనది కాదు. ఒకవైపు బడి, చదువు, రామపట్నం వేదాంత పాఠశాలలో శిక్షణ పొందిన బోధకుల తరం వచ్చింది. 1903లో జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళి, ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి మధ్య సంఘాలు కట్టాడు. మరొకవైపు కులమూ సంక్రమించింది. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు అధిక సంఖ్యలో ఉండటంతో మిషన్ల సరిహద్దులు చాలా చోట్ల కులపు సరిహద్దులుగానూ పనిచేశాయి.

ఈ వారసత్వపు ద్వంద్వాన్ని సాహిత్యంలో గుర్రం జాషువా (1895–1971) జీవితం చూపుతుంది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన హిందూ సమాజం నుంచీ క్రైస్తవుల నుంచీ అవమానం ఎదుర్కొన్నాడు. ‘గబ్బిలం’ (1941)లో అరుంధతీసుతుడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మొదటిది శివునికి పంపిన మొర, రెండవది క్రీస్తు కథ. రెండింటిలోనూ నిరపరాధి బాధ కేంద్రంలో ఉంది. బాధను దేవుని ముందుకు అర్జీగా తేవడం అన్న ధోరణి ‘గబ్బిలం’లో కావ్యరూపం పొందిందని చెప్పవచ్చు.

చట్టంలో ఈ వారసత్వం మరో మలుపు తిరిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది, క్రైస్తవులకు వర్తించలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులనూ వారి సంతతినీ వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మార్పిడి వల్ల వారసత్వం పోరాదని 1850 చట్టం చెప్పింది. నూరేళ్ళ తరువాత, కులపీడన సంక్రమించినా దానికి రక్షణ సంక్రమించని స్థితి ఏర్పడింది. నాడు మేర విషయంలో కనిపించిన ఖాళీ నేడు హోదా విషయంలో కనిపిస్తుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• ఒంగోలు ప్రాంతంలో శిష్యత్వం దిగుమతి అయిన భావన కాదు. రాజయోగ, వీరబ్రహ్మ సంప్రదాయాల గురుశిష్య బంధం దానికి నేలనిచ్చింది.

• స్వాస్థ్యం అన్న వాగ్దానం, ఆస్తి చట్టాలు గుర్తించని ఒక సమూహానికి తమకూ పాలు ఉందన్న భావం కలిగించింది.

• ఆదివారపు నియమం మతపరమైన ఆచారంగా మొదలై, వెట్టికి హద్దు గీసిన శ్రమహక్కుగా పనిచేసింది.

• దేవునిపై నమ్మకం ఓర్పుగానూ అర్జీగానూ వ్యక్తమైంది. ఓర్పును మాత్రమే చూసేవారు ఈ విశ్వాసులను సాధుజనంగానూ, అర్జీని మాత్రమే చూసేవారు మిషనరీ అనుచరులుగానూ పొరబడతారు.

తెలుగు క్రైస్తవ చరిత్రను మిషనరీల రాకపోకల వరుసగా కాక, తెలుగు మాటలు కొత్త అర్థాలను సంతరించుకొన్న చరిత్రగా చదివినప్పుడు పేరయ్య, నాగమ్మ వంటి వారు ఆ చరిత్రకు కర్తలుగా కనిపిస్తారు. పల్లెల్లోని సంఘ రికార్డులు, వృద్ధ విశ్వాసుల మౌఖిక కథనాలు, పాత తెలుగు క్రైస్తవ పత్రికలు ఈ దృష్టితో సేకరించి పరిశీలించవలసి ఉంది. బావి మూసిన రోజున ఆ ఇంటివారు తమలో తాము ఏం మాట్లాడుకున్నారో ఇంగ్లీషు గ్రంథాలు పూర్తిగా చెప్పలేవు. ఆ మాటల జాడ ఇంకా మిగిలి ఉంటే, అది తెలుగులోనే మిగిలి ఉంటుంది.